యుద్ధకాలపు పెన్ను... చేతికి హాయేనా?

తాతగారి బీరువాలో దొరికిన పార్కర్‌, స్వదేశీ రోజుల్లో మొదలైన రాజమండ్రి రత్నం పెన్ను... వీటిని వెతికి మరీ సేకరించేవాళ్లు నా పేషెంట్లలోనూ ఉన్నారు. ‘దీంతో రాస్తే వేళ్ల నొప్పి తగ్గుతుందా డాక్టర్‌గారూ?’ అని అడుగుతుంటారు. కొంతవరకు తగ్గుతుంది. బాల్‌పెన్నులో చిన్న గుండు దొర్లాలంటే కాగితం మీద నొక్కాలి. ఫౌంటెన్‌ పెన్నులో సిరా పాళీ చీలిక గుండా తనంతట తానే దిగుతుంది. బిగించి పట్టుకోనక్కర్లేదు. పొద్దుటి నుంచీ ఓపీ చీటీలు రాసే నా చేతికి ఆ తేడా బాగా తెలుసు.

అయితే బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్లు తిమ్మిరెక్కి, అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకోవాల్సి వస్తుంటే తప్పు పెన్నుది కాకపోవచ్చు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే కార్పల్‌ టన్నెల్‌ సిండ్రోమ్‌ కావచ్చు. షుగర్‌, థైరాయిడ్‌ లోపం ఉన్నవారిలో ఇది ఎక్కువ. మిగతా పనులన్నీ సాఫీగా సాగుతూ, రాయబోతేనే వేళ్లు వంకర్లు పోతుంటే రైటర్స్‌ క్రాంప్‌ అని అనుమానించాలి. పెన్నులు మారుస్తూ కూర్చోక న్యూరాలజిస్టును కలవండి.

ఇక పాత పెన్నుల సంగతి. 1941లో వచ్చిన పార్కర్‌ 51 ఒళ్లు యాక్రిలిక్‌. బంగారానికి కరువొచ్చిన జర్మనీలో పెలికాన్‌ స్టీలు పాళీలు వేసింది. వీటితో భయం లేదు. కానీ ఆ కాలపు పెన్నులు చాలావరకు సెల్యులాయిడ్‌వి. అంటే నైట్రోసెల్యులోజ్‌, కర్పూరం కలిసిన సరుకు. పాత సినిమా రీళ్లలా ఇట్టే అంటుకుంటుంది. బిగుసుకున్న మరలు వదులు చేయడానికి కొవ్వొత్తి మీద చూపించే అలవాటు మానండి.

అంతకంటే నన్ను భయపెట్టేది కడగడం. ఎండిన సిరా వదలడానికి కొందరు నీళ్లలో కాస్త అమోనియా కలుపుతారు. అది చాలలేదని అందులోనే బ్లీచ్‌ పోస్తే క్లోరమిన్‌ వాయువు పుడుతుంది. కళ్లు మండుతాయి, ఊపిరాడదు. ఆస్తమా ఉన్నవారికి ప్రాణం మీదికొస్తుంది. అలాంటిది జరిగితే వెంటనే ఆరుబయటికి వచ్చేయాలి. దగ్గు, ఆయాసం ఆగకపోతే ఆస్పత్రికి వెళ్లాలి. నిజానికి పాళీ భాగాన్ని మాత్రం రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెడితే చాలాసార్లు సరిపోతుంది.

లోపలి సిరా తిత్తి లేటెక్స్‌ రబ్బరుదైతే, ఆ అలర్జీ ఉన్నవారు సిలికాన్‌ది వేయించుకోవాలి. పాళీ వేలికి గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, టీటీ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.