అద్దాల మేడల నడుమ జాలీ గోడలు

మాదాపూర్ దారిన వెళ్తుంటే ఎటు చూసినా అద్దాల మేడలే. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తర్వాత ఆ ప్రాంతం రూపే మారిపోయింది. మన పిల్లలు ఎందరికో అక్కడ ఉపాధి దొరికింది. సంతోషమే. అయితే వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊరికి అద్దం గోడ ఎంతవరకు తగును? దాని గుండా లోపలికి చేరిన వేడి తేలిగ్గా బయటికి పోదు. ఇక ఏసీలే దిక్కు.

మన పెద్దల ఇళ్లను గుర్తు చేసుకుందాం. మందపాటి సున్నపు గోడలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, గాలిని రానిచ్చి ఎండను ఆపే జాలీలు. సంతోష్‌నగర్ వద్ద పైగా సమాధులను చూసినవారికి జాలీ అందం తెలుసు. అది అందం మాత్రమే కాదు, చల్లదనం కూడా.

ఈ సంగతిని హైటెక్ సిటీ పక్కనే నిరూపించిన భవనం ఉంది. అది కొండాపూర్‌లోని సి.ఐ.ఐ. గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. వడోదర ఆర్కిటెక్టు కరణ్ గ్రోవర్ అందులో జాలీ గోడలు, గుండ్రని వాకిలి, గాలిని చల్లబరిచే రెండు గోపురాలు పెట్టారు. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం అదే.

ఇప్పుడు యువ ఆర్కిటెక్టుల చేతికి కంప్యూటర్ వచ్చింది. ఏ వేళ ఏ గోడపై ఎంత ఎండ పడుతుందో అది ముందే లెక్క చెబుతుంది. దాన్నిబట్టి జాలీ రంధ్రాలను ఒక వైపు చిన్నవిగా, మరో వైపు పెద్దవిగా మలచవచ్చు. మన నగరానికే చెందిన తక్బీర్ ఫాతిమా లండన్‌లోని ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ పాఠశాలలో ఇటువంటి విద్యను అభ్యసించి, హైదరాబాదులో డిజైన్‌అవేర్ సంస్థను నెలకొల్పారు. ఫ్రాక్టల్స్ వర్క్‌షాపుల ద్వారా విద్యార్థుల చేత స్వయంగా నిర్మాణాలు చేయిస్తూ నేర్పుతున్నారు.

ఇంటర్‌లో గణితం చదివిన అమ్మాయిలకు, అబ్బాయిలకు ఈ దారి తెరిచే ఉంది. నాటా పరీక్ష రాసి ఐదేళ్ల బి.ఆర్క్. చదవవచ్చు. మాసబ్ ట్యాంక్ వద్ద 2008లో ఏర్పడిన ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉండనే ఉంది.

అద్దాల మేడలో మన బిడ్డకు కుర్చీ దొరికితే చాలని అనుకుంటున్నాం. ఆ మేడ ఎలా ఉండాలో చెప్పే చోట కూడా మన బిడ్డ ఉండాలని ఎందుకు కోరుకోకూడదు?