శిక్ష ఎన్నేళ్లన్నది ఆఖరి లెక్క

2007 డిసెంబరు చివర్లో, విజయవాడ పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నంలో, ఫార్మసీ చదువుతున్న ఒక అమ్మాయి హాస్టల్లోనే అత్యాచారానికి, హత్యకు గురైంది. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు ఒక యువకుడికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి అతను ఎనిమిదిన్నరేళ్లు జైల్లో ఉన్నాడు. లెక్క కడితే నెలకు వెయ్యి రూపాయలు కూడా పడలేదు. తర్వాత కేసు సీబీఐ చేతికి వెళ్లింది. కోర్టులో భద్రంగా ఉండాల్సిన ఆధారాలు ధ్వంసమయ్యాయని తెలిసి, దాని మీద ఇంకో కేసు పెట్టాల్సి వచ్చింది. (ఎవరి పేర్లూ ఇక్కడ రాయడం లేదు. అత్యాచార బాధితురాలి పేరు అచ్చువేస్తే రెండేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు.)

ఆ తీర్పు వచ్చిన రోజుల్లో చాలామంది అడిగిన ప్రశ్న, 'అయితే నేరమే జరగలేదా?' అని. జరిగింది. దాన్ని హైకోర్టు కాదనలేదు. ఈ మనిషే చేశాడని రుజువు కాలేదంది. లైంగిక నేరాల కేసుల్లో కోర్టు తేల్చాల్సినవి ముఖ్యంగా మూడు. చట్టం చెప్పిన పని జరిగిందా, అది ఆమె సమ్మతి లేకుండా జరిగిందా, చేసింది ఈ నిందితుడేనా? మూడింటినీ ప్రాసిక్యూషన్, అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే పక్షం, సందేహానికి తావు లేకుండా చూపాలి. ఇబ్రహీంపట్నం కేసు మూడో ప్రశ్న దగ్గర కూలింది.

మొదటి ప్రశ్నకు జవాబు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 63వ సెక్షన్లో ఉంది. పాత శిక్షాస్మృతిలో ఇది 375. 2013లోనే నిర్వచనం విస్తరించింది కాబట్టి సంభోగం ఒక్కటే అత్యాచారం కాదు. వేలితో గానీ వస్తువుతో గానీ చేసినా, నోటితో చేసినా ఇందులోకే వస్తుంది. పని పూర్తి కావాలని లేదు, గాయం ఉండి తీరాలనీ లేదు. అంతదాకా వెళ్లని వేధింపులకు వేరే సెక్షన్లున్నాయి. మర్యాదకు భంగం కలిగించే దౌర్జన్యానికి ఏడాది నుంచి అయిదేళ్లు, వెంటపడి వేధించడానికి మొదటిసారైతే మూడేళ్ల దాకా.

గాయాల మాట ఎందుకు ఎత్తానంటే, ఒకప్పుడు కేసులు అక్కడే పోయేవి. 1978లో మహారాష్ట్రలోని ఒక ఆదివాసీ బాలిక కేసులో, ఒంటిమీద గాయాలు లేవన్న కారణంతో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. దానికి కొన్ని నెలల ముందే హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఒక మహిళపై జరిగిన అత్యాచారానికి నగరం అట్టుడికిపోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, రాయచూరుకు బదిలీ అయిన కేసులో వాళ్లు బయటపడ్డారు. ఈ రెండింటి మీద రేగిన ఆగ్రహం 1983 సవరణకు దారి తీసింది. దాని ప్రకారం, పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారం వంటి తీవ్రమైన కేసుల్లో, కలయిక జరిగిందని రుజువై, తన సమ్మతి లేదని ఆమె చెబితే, కోర్టు అదే నిజమని తీసుకోవాలి. కాదని చూపే బరువు నిందితుడి మీద పడుతుంది.

ఇక సమ్మతి. ఎక్కువ వాదన నడిచేది దీని మీదే. మాటతోనో సైగతోనో, తన ఇష్టంతో, ఆ ఫలానా పనికి తేటతెల్లంగా ఒప్పుకోవడమే సమ్మతి. ప్రకాశం బరాజ్ మీద షికారుకు బండెక్కిందంటే షికారుకు ఒప్పుకున్నట్టు, అంతే. ఎదురు తిరగలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకున్నట్టు లెక్క కట్టకూడదని సెక్షన్లోనే రాసి ఉంది. భయపెట్టి అనిపించిన 'సరే' చెల్లదు. మత్తులో, తానేం ఒప్పుకుంటున్నదో తెలియని స్థితిలో అన్నదీ చెల్లదు. ఆమె గతం ఎలాంటిదన్న ప్రశ్న సమ్మతిని తేల్చడానికి పనికిరాదు. ఆ గతాన్ని తేల్చే పేరుతో చేసే రెండు వేళ్ల పరీక్ష కూడదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది.

'పెళ్లి చేసుకుంటానని మోసం చేశాడు' అన్న ఫిర్యాదు ఎక్కడికి వస్తుంది? దీనికి ఇప్పుడు 69వ సెక్షన్ ఉంది, శిక్ష పదేళ్ల దాకా. అయితే మొదటి రోజు నుంచే పెళ్లి ఉద్దేశం లేకుండా మాటిచ్చాడా, లేక నిజంగానే అనుకుని, తర్వాత కుదరక తప్పాడా అన్నది కోర్టు చూస్తుంది. మొదటిది నేరం, రెండోది కాదు. నిశ్చితార్థం దాకా వెళ్లి కట్నం దగ్గర చెడిన సంబంధానికీ, ఇంట్లో భార్య ఉండగా దాచి ఇచ్చిన మాటకూ ఉన్న తేడా అది.

వయసు 18 లోపైతే ఈ చర్చ మొత్తం పక్కకు పోతుంది. ఆమె ఒప్పుకున్నా చట్టం దృష్టిలో అది ఒప్పుకోలు కాదు. విజయవాడ చుట్టూ ఉన్న ఇంటర్ హాస్టళ్లలోని పిల్లలు చాలావరకు 16, 17 ఏళ్ల వాళ్లే. 17 ఏళ్ల అమ్మాయి, 19 ఏళ్ల అబ్బాయి ఇష్టపడి శారీరకంగా కలిసినా, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద అతనికి కనీస శిక్ష పదేళ్లు. అమ్మాయికి 16 నిండకపోతే కనీసం ఇరవై, అంటే 19 ఏళ్లకు లోపలికి వెళ్లినవాడు 39కి బయటికొస్తాడు. పసిపిల్లల మీద అఘాయిత్యాన్నీ, ఇద్దరు విద్యార్థుల ప్రేమనూ ఒకే కనీస శిక్షతో కొలవడం నాకు మింగుడు పడదు. కానీ చట్టం ఇప్పటికి అలాగే ఉంది. 'మేజర్ అనుకున్నాను' అన్న వాదన కూడా ఇక్కడ సాధారణంగా నిలబడదు.

మరి వయసు ఎలా తేలుస్తారు? మొదట బడి రికార్డు లేదా పదో తరగతి మెమో చూస్తారు. అది లేకపోతే కార్పొరేషన్, మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష, అదీ రెండేళ్లు అటూ ఇటూ తప్పవచ్చు. అయిదేళ్లు నిండలేదని బడిలో చేర్చుకోకపోతే ఒక ఏడాది ఎక్కువ వేయించడం మన ఇళ్లలో మామూలే. ఆ ఏడాదే రేపు కోర్టులో 17 ఏళ్ల పిల్లను కాగితం మీద 18 చేస్తుంది.

నిందితుడికి మిగిలే దారులేమిటి? ఆ వేళకు తాను వేరేచోట ఉన్నానని చూపడం ఒకటి. కాజ టోల్‌గేట్ సీసీ కెమెరా దృశ్యమో, ఫోన్ టవర్ రికార్డో అక్కరకొస్తాయి. చూపే బాధ్యత మాత్రం అతనిదే. పొలం గట్టు తగాదా, అప్పు గొడవ లాంటి పాత కక్షతో ఇరికించారని చెప్పొచ్చు. తాగి ఉన్నానంటే చెల్లదు. తెలియకుండా ఎవరైనా తాగించి, ఏం చేస్తున్నదీ తెలియని స్థితికి తెస్తే తప్ప. ఆలస్యంగా ఫిర్యాదు చేసిందన్న ఒక్క మాటతో కేసు పోదు. పరువుకు జడిసి ఆగుతారన్న సంగతిని సుప్రీంకోర్టు 1996లోనే గుర్తించింది. భర్తకున్న మినహాయింపు ఇంకా చట్టంలో ఉంది. భార్య వయసు 18 దాటి, ఇద్దరూ కలిసి ఉంటున్నప్పుడు 63వ సెక్షన్ వర్తించదు.

2018, 2019లలో దేశంలో విచారణ ముగిసిన అత్యాచార కేసుల్లో శిక్ష పడినవి నూటికి 27, 28. 'మిగతా 72 అబద్ధాలా?' అంటే కాదు. సాక్షి మాట మార్చినా, ఊళ్లో రాజీ కుదిర్చినా, నమూనాలు సరిగ్గా తీయకపోయినా కేసు వీగిపోతుంది. రుజువు కాకపోవడం వేరు, జరగకపోవడం వేరు.

అందుకే నాకు శిక్షల అంకెల కంటే గడువుల, తొలి గంటల అంకెలు ముఖ్యమనిపిస్తాయి. 2019 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు తెచ్చింది. దర్యాప్తుకు 7 పనిదినాలు, విచారణకు 14, మొత్తం 21. రాష్ట్రపతి ఆమోదం రాక అది చట్టం కాలేదు. ఇప్పుడున్న చట్టం ప్రకారం దర్యాప్తు రెండు నెలల్లో, చార్జిషీటు వేశాక విచారణ మరో రెండు నెలల్లో ముగియాలి. సంక్రాంతికి ఫిర్యాదు ఇస్తే మార్చి నడిమికి చార్జిషీటు, రోహిణి కార్తె రాకముందే తీర్పు రావాలన్నమాట. ఇబ్రహీంపట్నం కేసులో కింది కోర్టు తీర్పుకే దాదాపు మూడేళ్లు పట్టింది.

ఫిర్యాదు అందిన 24 గంటల్లో వైద్య పరీక్షకు పంపాలి. అప్పటిదాకా స్నానం చేయకుండా, వేసుకున్న బట్టలు ఉతక్కుండా ఉంటే మేలు. బట్టలను ప్లాస్టిక్ కవర్లో కాక కాగితం సంచిలో పెట్టాలి, తడి ఆరకపోతే ఆనవాళ్లు పాడవుతాయి. ఇప్పటికే స్నానం అయిపోయిందా, నాలుగు రోజులు గడిచాయా? అయినా వెళ్లండి, బాధితురాలి నమ్మదగిన సాక్ష్యం ఒక్కదానితోనే శిక్ష పడ్డ కేసులున్నాయి. ఏ ఆసుపత్రైనా, ప్రైవేటుదైనా, ఉచితంగా చికిత్స చేయాల్సిందే.

గుడివాడలో జరిగినదానికి విజయవాడలో ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే, పరిధి చూడకుండా ముందు నమోదు చేసి తర్వాత సరైన స్టేషన్‌కు పంపడం. వాంగ్మూలాన్ని మహిళా అధికారి రాసుకోవాలి, ఎఫ్ఐఆర్ నకలు పైసా తీసుకోకుండా చేతికివ్వాలి. 'మా పరిధి కాదు, రేపు రండి' అని తిప్పి పంపిన పోలీసు అధికారికి న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలుశిక్ష ఉంది. స్టేషన్ దాకా వెళ్లలేకపోతే 112కి గానీ 181కి గానీ, పిల్లల విషయమైతే 1098కి గానీ ఫోన్ చేయొచ్చు.