ఆస్ట్రేలియా నడిగడ్డలో స్వచ్ఛందసేవ



పొరుగింటివారు అను మాటకు మన పల్లెలలో గల యర్థము మీకు తెలిసినదే. గోడకు ఆవలివారు, లేదా వీధికి ఆవలివారు. అర్ధరాత్రమున బిడ్డకు కడుపునొప్పి వచ్చినను, ఎద్దు బావిలో పడినను ఒక్క కేక వేసినచో పరుగెత్తుకొని వచ్చువారు. ఆస్ట్రేలియా ఖండపు నడిగడ్డలో ఈ మాటకు అర్థము వేరు. అక్కడ పొరుగింటివారనగా నలువది యేబది మైళ్ల దూరమున, ఒక్కొక్కచోట నూఱు మైళ్ల దూరమున నున్న కుటుంబము. కేక వినబడదు. బాట మట్టిబాట. వాన కురిసినచో వారములకొలది అదియు లేదు. అట్టిచోట ఒక క్రైస్తవసంఘము నూఱేండ్లకు పైగా ఏమి చేయుచు వచ్చినది, నేడు జీతము లేక అచ్చటికి పోవు సామాన్యులు ఏమి చేయుచున్నారు అను విషయమును గూర్చి ఈ పూట మీకు నాలుగు మాటలు విన్నవించెదను.

ఆ దేశము విస్తీర్ణమున మన భారతదేశమునకు రెట్టింపు కంటె పెద్దది. జనసంఖ్యయో మూడుకోట్లైనను లేదు. ఆ కొలదిమందిలోను మిక్కిలి పెద్దభాగము సముద్రతీరపు నగరములనే ఆశ్రయించియున్నారు. లోపలి యెఱ్ఱనేలను, ఎండిన మైదానములను వారు ఔట్‌బ్యాక్ అందురు. అక్కడ గొడ్లను, గొఱ్ఱెలను మేపు క్షేత్రమునకు స్టేషను అని పేరు. రైలుబండి ఆగు స్టేషనని పొరబడవలదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని అన్నా క్రీకు స్టేషను ఒక్కటియే సుమారు 6,000 చదరపు మైళ్లు. 2022వ సంవత్సరమున జిల్లాలను విభజింపక పూర్వము కృష్ణాజిల్లా ఎంత యుండెనో అట్టిది యొకటియు, మఱి సగమును అందులో ఇమిడిపోవును. దానిని చూచుకొనువారు కొలదిమంది మాత్రమే. వేసవిలో ఎండ మాట చెప్పనక్కఱలేదు. 1960వ సంవత్సరము జనవరి 2వ తేదీన ఊడ్నడట్టా అను చిన్నయూర 50.7 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమి నమోదైనది.

1911వ సంవత్సరమున జాన్ ఫ్లిన్ అను యువకుడు ప్రెస్బిటీరియను సంఘమున బోధకుడుగా అభిషిక్తుడై, దక్షిణ ఆస్ట్రేలియాలోని బెల్టానా అను చోటికి వెళ్లెను. ఆయన 1880లో విక్టోరియా రాష్ట్రమున ఒక బడిపంతులు కుమారుడై జన్మించినవాడు. లోపలి ప్రాంతములెల్ల తిరిగి, అచ్చటి జనుల బ్రదుకును కన్నులార చూచి, సంఘపు మహాసభకు ఒక నివేదిక వ్రాసెను. దాని ఫలితముగా 1912లో ఆస్ట్రేలియను ఇన్‌లాండు మిషను అను సంస్థ ఏర్పడినది. దానికి ఆయనయే అధికారి.

ఒక బోధకుడు వ్రాసిన నివేదిక గదా, ఆలయములు కట్టింపవలెనని కోరియుండునని మనము అనుకొందుము. ఆయన ముఖ్యముగ కోరినది దాదులను. ప్రసవవేదనలో నున్న స్త్రీకి చేయూత నిచ్చువారు లేనిచోట ప్రసంగము చేయుటకు ఆయనకు నోరు రాలేదని నాకు తోచుచున్నది. నగరములలో శిక్షణపొందిన దాదులు ఇద్దరిద్దరుగా బయలుదేరి, మారుమూల యూళ్లలో చిన్న చిన్న వైద్యశాలలు నడపిరి. 1926లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో అడిలైడ్ హౌస్ అను ఆసుపత్రి తెఱవబడినది. వేడిగాలిని నేలక్రింది సొరంగములోనికి రప్పించి, తడిపిన గోనెపట్టల మీదుగా పోనిచ్చి, చల్లబఱచి గదులలోనికి పంపు ఏర్పాటును ఫ్లిన్ అందు కల్పించెను. వేసవిలో వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చల్లుట ఎఱిగిన మనకు ఈ యుపాయము చిరపరిచితమువలె తోచును.

సంచారబోధకులు మఱొకవిధపు సేవకులు. 1914లో బ్రూస్ ప్లౌమన్ అను నాతడు ఊడ్నడట్టా నుండి ఒంటెలపై బయలుదేరి స్టేషను తరువాత స్టేషను దర్శించెను. ఆ దేశమున ఒంటె పుట్టుజంతువు కాదు. అందులో మన సంబంధము కొంత కలదు. 1860 మొదలుకొని ఒంటెలతో కూడ బెలూచిస్థానము, సింధు, పంజాబు, అఫ్గానిస్థానము మున్నగు చోట్లనుండి ఒంటెలవారు అచ్చటికి తేబడిరి. ఎక్కడివారైనను అందఱిని అఫ్గానులనియే పిలిచిరి. వారి పేరనే నేటికిని అచ్చటి రైలుబండిని ఘాన్ అందురు. పిండి, చక్కెర, ఇనుపతీగె, తంతిస్తంభములు, సమస్తమును వారి ఒంటెలపైననే ఎడారి దాటినవి. ఆ మహమ్మదీయుల నేర్పు లేనిచో క్రైస్తవబోధకుని సంచారమే లేదు.

ఇక 1917లో జరిగిన యొక విషాదమును చెప్పవలెను. పశ్చిమ ఆస్ట్రేలియాలో జిమ్మీ డార్సీ అను పశువుల కాపరి గుఱ్ఱముతో కూడ పడి, లోపల తీవ్రముగ గాయపడెను. మిత్రులు అతనిని బండిలో వేసికొని హాల్స్ క్రీకు అను ఊరికి చేర్చిరి. అక్కడ వైద్యుడు లేడు. ప్రథమచికిత్స కొంత యెఱిగిన పోస్టుమాస్టరు టకెట్ మాత్రము కలడు. ఆయన పెర్తు నగరమునందలి డాక్టరు హాలండునకు తంతినిచ్చెను. మూత్రకోశము చిట్లినది, వెంటనే శస్త్రచికిత్స చేయవలెనని డాక్టరు జవాబు పంపెను. పరికరములు లేవు, మత్తుమందు లేదు. తంతిపై ఒక్కొక్క మాటగా వచ్చు ఉపదేశమును అనుసరించి, పోస్టుమాస్టరు చేతనున్న చిన్నకత్తితోనే ఆ పని చేసెను. డాక్టరు పశువుల నెక్కించు ఓడపై డెర్బీ రేవు చేరి, అచ్చటనుండి మోటారుకారులో దారిలేని దారిని పడి, దాదాపు రెండు వారములకు హాల్స్ క్రీకు చేరెను. రోగి క్రిందటి దినముననే మరణించినాడని అచ్చట తెలిసినది. శస్త్రచికిత్స చక్కగనే జరిగినదట. అతనిని కడపట పొట్టనబెట్టుకొన్నది మలేరియా జ్వరము.

ఈ వార్త దేశమంతట ప్రాకినది. ఆ సంవత్సరముననే క్లిఫర్డ్ పీల్ అను వైద్యవిద్యార్థి, సైన్యపు విమానదళమున చేరినవాడు, ఫ్లిన్‌కు ఒక యుత్తరము వ్రాసెను. విమానము ద్వారా వైద్యుని పంపవచ్చునని, దానికి ఖర్చు ఇంత యగునని లెక్కలు వేసి చూపెను. అప్పటికి విమానమనగా జనులు యుద్ధమునకై పుట్టిన యంత్రమనుకొను రోజులు. పీల్ 1918లో ఫ్రాన్సుదేశమున యుద్ధములో మరణించెను. తన యుత్తరమునకు ఏమి ఫలము కలిగినదో ఆతడు చూడలేదు.

ఫ్లిన్ ఆ యుత్తరమును పదేండ్లు విడువలేదు. విరాళములు ప్రోగుచేసెను. కోతయంత్రములు చేసి ధనము గడించిన మకై అను వర్తకుడు తన మరణశాసనమున 2,000 పౌనులు వ్రాసెను. 1928వ సంవత్సరము మే 17వ తేదీన క్వీన్స్‌లాండులోని క్లొంకరీనుండి డాక్టరు వెల్చ్, విమానచోదకుడు ఆఫ్లెక్ జూలియా క్రీకునకు ఎగిరిరి. ఆకాశవైద్యసేవలో అది ప్రథమప్రయాణము. మొదటి సంవత్సరమున 50 ప్రయాణములు చేసి 225 మంది రోగులకు చికిత్స చేసిరి.

విమానము సిద్ధమైనది సరే, రోగి యున్న చోటినుండి దానిని పిలుచుట యెట్లు? తంతి అన్ని స్టేషనులకును లేదు. విద్యుచ్ఛక్తి అంతకంటెను లేదు. అడిలైడు నగరపు ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అను ఎలక్ట్రికు పనివాడు ఈ చిక్కును విప్పెను. సైకిలువలె కాళ్లతో త్రొక్కుచుండగా, దానినుండి పుట్టు విద్యుత్తుతో రేడియో పనిచేయునట్లు ఒక యంత్రము నిర్మించెను. 1929లో అది స్టేషనులకు చేరినది. మొదట చుక్కలు, గీతల సంకేతభాషలోనే వార్త పంపవలసియుండెను. ఒకప్రక్క బిడ్డ జ్వరముతో నుండగా తల్లి ఆ సంకేతములు గుర్తుచేసికొనుట యెంత కష్టమో ఊహింపుడు. అందుచేత ట్రేగర్ అక్షరములమీట నొక్కినంతనే సంకేతము దానంతట పోవునట్టి యంత్రమును కూడ చేసెను. తరువాత మాటలాడుకొనుటకే వీలు కలిగినది. వైద్యపు పని ముగిసిన పిమ్మట ఆడువారు రేడియోపై కష్టసుఖములు చెప్పుకొను వేళ యొకటి ఏర్పడినది. దానికి గలా వేళ యని పేరు. గలా యనగా గుంపులు గుంపులుగా చేరి కలకల లాడు గులాబిరంగు చిలుక. నెలలతరబడి మఱియొక స్త్రీకంఠము వినక బ్రదికినవారికి ఆ కలకలము ఎట్టి ఔషధమో వేఱుగ చెప్పనేల? 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఈ రేడియోపైననే పిల్లలకు బడియు మొదలైనది.

1977లో ప్రెస్బిటీరియనులలో పెద్దభాగమును, మెథడిస్టులును, కాంగ్రిగేషనలు సంఘమువారును కలిసి యూనైటింగు చర్చిగా ఏర్పడిరి. మిషను పని ఫ్రాంటియర్ సర్వీసెస్ అను పేరుతో సాగినది. విమానవైద్యము అంతకు పూర్వమే సంఘము చేతినుండి వేఱొక సంస్థకు మాఱియుండెను.

ఇపుడు నేడు పోవు స్వచ్ఛందసేవకుల మాట. వీరు బోధకులు కారు. ఉద్యోగవిరమణ పొందిన వడ్రంగి, పంపుపని తెలిసినవాడు, ఉపాధ్యాయిని, వంట బాగుగ వచ్చిన గృహిణి, ఇట్టివారు. సహాయము కోరిన కుటుంబమును, సహాయము చేయగోరిన మనిషిని సంస్థ జతపఱచును. వారమో, కొన్ని వారములో ఆ కుటుంబముతో నుండి, వారు చూపిన పని చేయవలెను. కంచె బిగించుట, నీటితొట్టి మరమ్మతు, ఇంటికి రంగు, కూరగాయలమడి, పిల్లలచేత రేడియోబడి పాఠములు చదివించుట. ఇప్పుడా పాఠములు ఉపగ్రహముల ద్వారా వచ్చుచున్నవి. పిల్లలున్న ఇండ్లకు పోవువారు ప్రభుత్వమువారి ధ్రువపత్రము పొందియుండవలెను. ఈ నియమమును కొందఱు నొచ్చుకొందురు గాని, నా మటుకు అది మిక్కిలి యుక్తమైనది.

కంచె బిగించుట ఒక గొప్ప సేవయా అని మీరు అడుగవచ్చును. 2019 ఫిబ్రవరిలో వాయవ్య క్వీన్స్‌లాండున, ఇందాక చెప్పిన జూలియా క్రీకు, క్లొంకరీ ప్రాంతములోనే, ఏండ్లకొలది కఱవు పిమ్మట ఒక్కమాఱుగా వఱద వచ్చినది. వాన కొఱకు ఆకాశమును చూచినవారి కన్నులయెదుటనే పశువులు చలికిని నీటికిని చచ్చినవి. సుమారు 5 లక్షలని అంచనా. కంచెలు మైళ్లకు మైళ్లు కొట్టుకొనిపోయినవి. పశువు పోయిన రైతు గుండె ఎట్లుండునో మీకు నేను చెప్పవలెనా? అట్టివాడు ఎవరితోను నోరు విప్పడు. దూరప్రాంతములలో ఆత్మహత్యల నిష్పత్తి నగరములకంటె హెచ్చని ఆ దేశపు లెక్కలు తెలుపుచున్నవి. ఎదుట కూర్చుండి “నీ బాధ చెప్పుము” అన్నచో చెప్పనివాడు, ప్రక్కన నిలిచి తీగె లాగు మనిషితో, మొగము చూడనక్కఱలేదు గనుక, మూడవనాడో నాలుగవనాడో ఒక మాట చెప్పును. కంచె నెపము. సంచారబోధకులును ఈ మర్మమెఱిగి, పనిలో ఒక చేయివేసిన పిమ్మటనే మాటలలోనికి దిగుదురు. మతమేదని అడుగకయే సేవచేయుట వారి నియమము.

పోవువాడు ఎఱుగవలసినవి కొన్ని కలవు. నీరు విస్తారముగ తీసికొనిపోవలెను. కారు చెడినచో దానిని విడిచి నడచిపోరాదు. వెదకువారికి మనిషికంటె బండి త్వరగ కనబడును. ఈ యొక్క మాట మఱచి ప్రాణములు కోల్పోయినవారు కలరు. ఇంటివారి తొట్టిలో ఎంత నీరున్నదో తెలిసికొనక స్నానమునకు పోరాదు. తనకు తోచిన పని కాక వారికి కావలసిన పని చేయవలెను. నగరమునుండి వచ్చినవాడు తనకు తెలిసిన పద్ధతి చూపబోయి, ఉన్న కంచెను చెడగొట్టుట కద్దు.

ఈ సేవాచరిత్రలో ఒక లోపమును దాచరాదు. ఆ నేలపై 50,000 సంవత్సరములకు తక్కువ కాకుండ నివసించుచున్న ఆదిమజనులు కలరు. ఫ్లిన్ స్థాపించిన మిషను ముఖ్యముగ తెల్లవారినే చూచుకొన్నది. అదే సంఘమునకు చెందిన అడిలైడు వైద్యుడు చార్లెస్ డుగిడ్ ఇది యన్యాయమని బహిరంగముగ ఖండించెను. ఆయన పూనికతో 1937లో ఎర్నబెల్లాలో ఆదిమజనుల కొఱకు మఱొక మిషను ఏర్పడినది. వారి పిల్లలకు వారి భాషయగు పిట్జంట్జట్జరాలోనే చదువు చెప్పిరి.

ఫ్లిన్ 1951 మే 5వ తేదీన సిడ్నీలో మరణించెను. చితాభస్మమును ఆలిస్ స్ప్రింగ్స్ సమీపమున ఉంచిరి. గౌరవార్థమై, ఉత్తరమున చాల దూరమునగల కార్లు కార్లు అను చోటినుండి ఒక పెద్ద గుండ్రని బండరాయిని తెచ్చి సమాధిపై నిలిపిరి. ఆ రాళ్లు కైటిజ్, వరుముంగు జనులకు పవిత్రములు. వారిని ఎవరును అడుగలేదు. వారు దశాబ్దములపాటు తమ రాయి తమకిండని కోరిరి. 1999లో అది తన చోటికి తిరిగి చేరినది. అపుడు ఆ సమాధియున్న నేలకు చెందిన అరెంటె జనులు తమ ప్రాంతమునుండి మఱొక రాయిని తామై యిచ్చిరి. నేడు ఫ్లిన్ సమాధిపై నున్నది ఆ రాయియే.