గ్రహాంతర ప్రణయం: కల్పన ఎంత? విజ్ఞానం ఎంత?

భూలోక మానవుడూ అన్యలోక కన్యా ప్రేమించుకోవటం మన కథలకు కొత్త కాదు. పురూరవుడు ఊర్వశిని వరించాడు. అర్జునుడు నాగకన్య ఉలూపిని చేపట్టగా వారికి ఇరావంతుడు జన్మించాడు. ఇరవయ్యవ శతాబ్దపు కథకులు నాగలోకానికి బదులు కుజగ్రహాన్ని ఎన్నుకొన్నారు. అందువల్ల వారిపై ఒక కొత్త బాధ్యత పడింది. దేవకన్య శరీరధర్మం ఎట్టిదని ఎవరూ ప్రశ్నించరు. కుజుడు మాత్రం ప్రత్యక్షంగా కనిపించే గ్రహం. అక్కడి గాలినీ వేడిమినీ కొలువవచ్చు. కనుక అక్కడి కన్యను గురించి విజ్ఞానశాస్త్రం కొన్ని ప్రశ్నలు అడుగుతుంది.

కుజుని రాకుమార్తెలు

1877లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు షియాపరెల్లీ కుజునిపై సన్నని గీతలు చూచినట్లు ప్రకటించాడు. అవి బుద్ధిజీవులు త్రవ్విన కాలువలని అమెరికా దేశస్థుడు పెర్సివల్ లోవెల్ వాదించాడు. ఆ వాదమే కథకులకు ఊతమయింది. 1912లో ఎడ్గార్ రైస్ బరోస్ ధారావాహికగా ప్రకటించిన నవల 1917లో ‘ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్’ అనే పుస్తకంగా వెలువడింది. అందులో జాన్ కార్టర్ అనే భూలోకవాసి కుజుని రాకుమార్తె డెజా థోరిస్‌ను వివాహమాడతాడు. ఆమెది గ్రుడ్లు పెట్టే జాతి. అయినప్పటికీ వారికి సంతానయోగం కల్పించాడు రచయిత! రష్యాలో అలెక్సీ టాల్‌స్టాయ్ వ్రాసిన ‘ఐలీటా’ 1924లో చలనచిత్రంగా కూడా వచ్చింది. ఆ నవలలో భూమికి తిరిగివచ్చిన ఇంజనీరుకు చివరకు మిగిలేది వైర్‌లెస్‌లో వినవచ్చే ప్రియురాలి పిలుపు మాత్రమే.

1965 జూలైలో మారినర్-4 అనే వ్యోమనౌక కుజుని సమీపం నుంచి ఛాయాచిత్రాలు తీసి పంపింది. వాటిలో కాలువలు లేవు. ఉల్కాపాతాల వల్ల ఏర్పడిన గుంటలు కనిపించాయి. అక్కడి వాయుపీడనం భూమి మీది పీడనంలో నూరవ వంతు కూడా లేదని తేలింది. దానితో రాకుమార్తెలు కుజుని విడిచి దూరపు నక్షత్రాలకు తరలిపోవలసి వచ్చింది.

సంతానం కలుగునా?

1966లో అమెరికా టెలివిజన్‌లో ప్రారంభమైన ‘స్టార్ ట్రెక్’లోని స్పాక్ తండ్రి వల్కన్ గ్రహవాసి, తల్లి మానవ స్త్రీ. స్పాక్ రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉన్నదని ఆ కథ చెబుతుంది. ఇది అసంభవమేమీ కాదు. మన రొయ్యలు, పీతల రక్తంలో ప్రాణవాయువును మోసేది రాగితో కూడిన పదార్థమే. కథలో ఆకుపచ్చగా చూపిన రక్తం, ఈ ప్రాణులలో ప్రాణవాయువు సోకినప్పుడు నీలంగా ఉంటుంది.

అసలు చిక్కు రక్తం రంగులో లేదు. గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకు 62. వాటికి పుట్టిన కంచరగాడిదకు 63. బీజకణాలు ఏర్పడేటప్పుడు తల్లి క్రోమోజోములు, తండ్రి క్రోమోజోములు జతలుగా కూడాలి. అవి సరిగా జతకూడవు గనుక కంచరగాడిద సాధారణంగా గొడ్డుపోతుంది. గుర్రమూ గాడిదా ఒకే పూర్వజాతి నుంచి విడిపోయిన దగ్గరి బంధువులు. వాటి సంతతి గతే అట్లా ఉన్నది!

భూమి మీది ప్రాణులన్నీ ఒకే వంశవృక్షపు కొమ్మలు. మనిషిలోనూ మామిడిచెట్టులోనూ జన్యువుల లిపి దాదాపు ఒక్కటే. మరొక గ్రహంలో జీవం విడిగా ఉద్భవించి ఉంటే, అక్కడి ప్రాణికి మనతో మామిడిచెట్టుకున్నంత చుట్టరికమైనా ఉండదు. రూపం మనుష్యరూపమే అయినా లోపలి లిపి వేరు. చదువరాని లిపిలో వ్రాసిన రెండు సగాలను కలిపితే ఒక గ్రంథం కాదు.

ఒకే విస్తరిలో భోజనం

సంతానం మాట అటుంచి, వారు కలిసి భోజనమైనా చేయగలరా? కొన్ని అణువులకు కుడి, ఎడమ రూపాలు ఉంటాయి. ఎడమకాలి చెప్పు కుడికాలికి పట్టనట్లే ఒక రూపం చేసే పని రెండవది చేయలేదు. మన మాంసకృత్తులను నిర్మించే 20 ఎమినో ఆమ్లాలలో గ్లైసీన్ తప్ప తక్కినవన్నీ ఎడమ రూపంలోనే ఉన్నాయి. అన్యలోకంలో కుడిరూపమే అమలులో ఉంటే, అక్కడి విందు మన అతిథి కడుపు నింపినా శరీరాన్ని పోషించదు.

ఈ చిక్కులను గుర్తించిన రచయిత ఫిలిప్ హోసే ఫార్మర్. 1952లో వచ్చిన ‘ది లవర్స్’ కథలో నాయిక మానవ జాతి స్త్రీ కాదు. స్త్రీ రూపాన్ని అనుకరించే కీటకసదృశమైన ప్రాణి. కొన్ని సీతాకోకచిలుకలు ఎండుటాకులను అనుకరించటం మనమెరిగినదే. రూపసామ్యం బంధుత్వానికి నిదర్శనం కాదనే జీవశాస్త్ర సత్యంపైనే ఆ కథలోని విషాదం నిలిచి ఉన్నది.

దూరం, నిరీక్షణ

సూర్యుని తరువాత మనకు అతి సమీపమైన నక్షత్రం ప్రాక్సిమా సెంటారి 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. అక్కడికి రేడియోలో కుశలప్రశ్న పంపితే, వెంటనే బదులిచ్చినా అది మనకు అందటానికి ఎనిమిదేండ్లు దాటుతుంది. సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు పోయే వాయేజర్-1 వంటి నౌకకు అంత దూరం నడవటానికి దాదాపు 75 వేల సంవత్సరాలు పడుతుంది.

అయినా మానవుడు ఒక సందేశం పంపనే పంపాడు. 1977లో బయలుదేరిన రెండు వాయేజర్ నౌకలలోను బంగారుపూత గల గ్రామఫోన్ పలకలు ఉన్నాయి. 55 భాషల శుభాకాంక్షలలో తెలుగు పలుకు కూడా ఉన్నది. ఆ పలకల తయారీలో పాల్గొన్న ఆన్ డ్రూయన్, 1977 జూన్‌లో కార్ల్ సాగన్‌తో వివాహ నిశ్చయం జరిగిన కొద్ది రోజులకే, తన మెదడులోని విద్యుత్తరంగాలను నమోదు చేయించింది. ఆ గంటసేపూ ఆమె భూమి చరిత్రను, మానవ నాగరికతను, చివరకు తన ప్రేమను తలచుకొన్నది. ఆ గంటను ఒక్క నిమిషం ధ్వనిగా కుదించి పలకలో చేర్చారు.

ఆ తరంగాల నుంచి ప్రేమను చదువగల విద్య నేటికీ మానవునికి లేదు. అన్యలోకవాసికి ఉండునో లేదో ఆ నౌకను ఎవరైనా అందుకొన్న నాడు తెలియవలసినదే. 2012 ఆగస్టులో వాయేజర్-1 సౌరవాయువుల పరిధిని దాటి నక్షత్రాంతర ప్రదేశంలో ప్రవేశించింది. తెలుగు పలకరింపూ, ఒక స్త్రీ హృదయమూ అందులోనే ప్రయాణం చేస్తున్నాయి.