రైలెక్కిన చదరంగం

చెక్ దేశంలోని ప్రాగ్ నుంచి 2011లో ఒక చదరంగం రైలు మొదలైంది. ఊరికీ ఊరికీ మధ్య రైలు నడుస్తుండగా పోటీ ఆడతారు. ఊరొస్తే దిగి చూసొస్తారు. ఆడేది ర్యాపిడ్ పద్ధతి, అంటే ఆట మొత్తానికి ఒక్కొక్కరికి గంటలోపే సమయం.

చదరంగం ఆడతామంటే ఇంట్లో వద్దనేవాళ్ళు తక్కువ. మైదానం అక్కర్లేదు, ఎండ తగలదు. చిక్కల్లా పోటీకి పోవాలన్నప్పుడే. "అంత దూరం ఎవరు తోడొస్తారు?" అంటారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. తల్లయ్యాక కూడా 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. ఆమెకు ఆట నేర్పడానికి తండ్రి అశోక్ గారు లెక్చరర్ ఉద్యోగమే మానుకున్నారు. అందరి నాన్నలకూ అది కుదిరే పనా?

అందుకే ఆ రైలు సంగతి నాకు నచ్చింది. అందులో ప్రయాణమే పోటీ, తోటి ఆటగాళ్ళే తోడు. గుంతకల్లు వైపు నుంచి రోజూ బళ్ళారికి రైల్లో వచ్చేవాళ్ళం మనలో ఉన్నాం కదా. అయస్కాంతం బోర్డయితే కుదుపులకు పావులు జారవు. ముందు మన పెట్టెలోనే మొదలుపెడదాం. నలుగురం జట్టయితే, రేపు పోటీకి పోతామన్నప్పుడు తోడెవరని ఇంట్లో అడగరు.