మనసు చదివేవారికి పేకముక్కలెందుకు?

నేను మన హాస్టల్లో పదో తరగతి చదువుతున్నప్పుడు వార్షికోత్సవానికి మ్యాజిక్ ఐటం నాది. పేక కట్ట స్టేజి మీదికి తెస్తానంటే వార్డెన్ సార్ మొదట ఒప్పుకోలేదు. "పేకాట ఆడేటోళ్ళను పట్టుకునేది నేనే, స్టేజి మీద పేక పెట్టించేది నేనేనా?" అన్నారు. అందరూ బతిమాలితే సరేనన్నారు.

ఆరో తరగతి తమ్ముడొకడు 21 ముక్కల్లో ఒకటి తలచుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని, "నీ మనసు చదువుతున్నా" అని ఆ ముక్క చెప్పాను. చప్పట్లు మోగాయి. ఆ రాత్రి వాడు నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు: "అన్నా, మా నాయిన బొంబాయికి వలసపోయి రెండేండ్లాయె. ఫోన్ లేదు. యాడున్నడో జూసి చెప్తవా?"

నాకు నోట మాట రాలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

మనసులోని మాట తెలిసిపోయినట్టు చూపించే ప్రదర్శనను మెంటలిజం అంటారు. మామూలు మ్యాజిక్‌లో వస్తువు మాయమవుతుంది, ఇందులో ఆలోచన బయటపడుతుంది. ఈ ప్రదర్శనల్లో పేకముక్కలు వాడవచ్చా, కూడదా అనే వాదన ఆ కళాకారుల్లో చాలాకాలంగా ఉంది.

కూడదనేవారి మాట ఇది: పేక చూడగానే జనానికి హస్తలాఘవం గుర్తొస్తుంది. నిజంగా మనసు చదవగలిగినవాడు మీ చిన్ననాటి స్నేహితుడి పేరు చెప్పాలి గానీ, ఇస్పేటు రాణి, ఆఠీను ఆసు అని చెప్పడమేమిటి?

వాడవచ్చనేవారికి చరిత్ర తోడుంది. అమెరికాలో థియోడర్ అన్నెమాన్ 1934లో ప్రారంభించిన 'ది జింక్స్' పత్రికలో మెంటలిజానికి పనికొచ్చే పేక ప్రయోగాలు ఎన్నో వచ్చాయి. కొరిండా రాసిన '13 స్టెప్స్ టు మెంటలిజం'లో పదో మెట్టు పేకముక్కలదే. 1950లలో బీబీసీ టెలివిజన్‌లో కనిపించిన చాన్ కనాస్టా పేకముక్కలతోనే పేరు తెచ్చుకున్నాడు. ఆయన తన ప్రదర్శనలను ప్రయోగాలనేవాడు. అప్పుడప్పుడు తప్పేవాడు కూడా. తప్పినందువల్లే మిగతావి ఇంకా నిజమనిపించేవి.

అంతెందుకు, ప్రయోగశాలలోనూ ముక్కలే వాడారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ 1930లలో అతీంద్రియ శక్తి కోసం వెతికినప్పుడు జెనర్ కార్డులు వాడాడు. అవి 25. వాటిపై వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం అనే అయిదు గుర్తులు, ఒక్కోటి అయిదు ముక్కల మీద. ఏ శక్తీ లేకుండా ఊహించి చెప్పినా సగటున 5 సరిపోతాయి. ముక్కలతో ఉన్న లాభం ఇదే. అదృష్టం వాటా ఎంతో ముందే లెక్క కట్టవచ్చు.

ఇక నా ట్రిక్కు సంగతి. 21 ముక్కలను ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటిగా వేస్తూ మూడు నిలువు వరుసలు పేర్చాలి. వరుసకు 7. తలచుకున్న ముక్క ఏ వరుసలో ఉందో మాత్రమే అడగాలి. ఆ వరుసను మిగతా రెండింటి నడుమ పెట్టి ఎత్తి, కలపకుండా మళ్ళీ పేర్చాలి. ఇలా మూడుసార్లు చేసి ఎత్తాక పై నుంచి లెక్కపెడితే 11వ ముక్కే అది.

కారణం చాలా సులువు. మొదటి జవాబుతో ముక్క నడిమి ఏడింటిలోకి వస్తుంది. రెండో జవాబుతో 10, 11, 12 స్థానాల్లో ఒకదానికి చేరుతుంది. మూడోసారి పేర్చినప్పుడు ఈ మూడూ వరుసకొకటి చొప్పున, సరిగ్గా నాలుగో చోట పడతాయి. మూడో జవాబుతో అదేదో తేలిపోతుంది. మూడేసి అవకాశాలున్న మూడు జవాబులు 27 ముక్కల్లోనైనా ఒకదాన్ని పట్టివ్వగలవు, మనకున్నవి 21 మాత్రమే. అంటే నేను ఎవరి మనసూ చదవలేదు. వాడు చెప్పిందే వాడికి తిరిగి చెప్పాను.

ఊళ్ళల్లో సోది చెప్పేవాళ్ళు, చిలక జోస్యం వాళ్ళు చేసేదీ చాలావరకు ఇదే. చిలక తీసేదీ ముక్కే, కానీ కథంతా మన ముఖం చూసి, మన జవాబులు విని అల్లుతారు. చిలక ముక్కను బొమ్మలున్న పేకముక్క అని ఎవరూ అనుకోరు, అందుకే నమ్ముతారు. 1970లలో యూరీ గెల్లర్ చెంచాలు వంచి అది మానసిక శక్తి అన్నాడు. అదే పని మామూలు మ్యాజిక్‌తో చేయవచ్చని జేమ్స్ రాండీ చేసి చూపించాడు. మన దగ్గర జన విజ్ఞాన వేదిక వాళ్ళు బాబాల మహిమలను చేసి చూపి, వెంటనే గుట్టు విప్పుతారు.

అందుకే నా అభిప్రాయం: మెంటలిజంలో పేకముక్కలు ఉండాలి. వాటివల్ల ఇది ఆటేనని చూసేవాళ్ళకు గుర్తుంటుంది. ఆశ్చర్యం కొంచెం తగ్గవచ్చు, కానీ కష్టంలో ఉన్నవాడు మోసపోయే ప్రమాదమూ తగ్గుతుంది. నేను పేక పట్టుకుని కూడా "మనసు చదువుతున్నా" అన్నందుకే ఆ తమ్ముడు నమ్మాడు. పేక కూడా లేకపోతే ఏమయ్యేదో!

ఆ రాత్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టి, "నాకు ఏ శక్తీ లేదురా" అని చెప్పి, ట్రిక్కు నేర్పాను. వాడు కాసేపు ఏడ్చాడు. తర్వాత ముక్కలు పేర్చాడు. మూడోసారికి సరిగ్గా వచ్చింది. పొద్దున్నే వార్డెన్ సార్‌కు సంగతి చెబితే, ఆయన వాళ్ళ ఊరి మేస్త్రీ నంబరు సంపాదించి ఫోన్ చేశారు. పది రోజులకు వాడి నాయిన ఫోన్‌లో మాట్లాడాడు.

తమ్ముళ్ళారా, ట్రిక్కులు నేర్చుకోండి, చేయండి. ఎవరైనా నిజమని నమ్మి మీ దగ్గరికొస్తే మాత్రం కట్ట విప్పి చూపించండి. మన హాస్టల్‌కు వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ.