కుక్కపిల్లకు వేషం వేస్తున్నారా?

అక్టోబర్ సగం దాటిందంటే మా న్యూజెర్సీ వీధిలో గుమ్మడికాయలతో పాటు కుక్కల వేషాలూ మొదలవుతాయి. డాషుండ్‌కు హాట్‌డాగ్ బన్ను, పగ్‌కు తేనెటీగ రెక్కలు. హడ్సన్ నది దాటితే మన్‌హాటన్‌లో టాంప్కిన్స్ స్క్వేర్ పేరుతో జరిగే కుక్కల హాలోవీన్ పరేడ్ సంగతి చాలామందికి తెలిసిందే. దీపావళి కూడా ఆ చుట్టుపక్కలే వస్తుంది కాబట్టి, మన ఇళ్ళలో పిల్లలు "చిట్టికీ ఏదైనా వేద్దాం" అని పట్టుబట్టడం మామూలే. కుక్కకు అలంకారమేమిటి అని పెద్దవాళ్ళు నవ్వితే, నేపాల్ సంగతి చెప్పండి. అక్కడ ఈ పండగ రోజుల్లోనే కుకుర్ తిహార్ అని ఒకరోజు కుక్కల మెడలో బంతిపూల దండ వేసి, బొట్టు పెట్టి, మంచి తిండి పెడతారు.

షాపుల్లో దొరికే కాస్ట్యూములు ఫోటోకు బాగుంటాయి, కుక్కకు కాదు. ఇంట్లో కుట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. అన్నిటికన్నా సులువైనది బండానా. జాకెట్టు ముక్కో, పాత పట్టుచీర కొంగో 22 అంగుళాల చదరంగా తీసుకుని మూలకు మూల కత్తిరిస్తే మధ్యరకం కుక్కలకు రెండు వస్తాయి. పొడవాటి అంచును మడిచి గొట్టంలా కుట్టి, కాలర్ అందులోంచి దూర్చేయండి. మెడకు ముడి వేసే పనే ఉండదు. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు ఇదే పద్ధతిలో జరీ అంచు కండువా కుట్టింది. "కుక్కకు వేషమేంటే" అంటూనే!

ఒళ్ళంతా కప్పాలంటే పిల్లల పాత టీషర్టు చాలు. బొమ్మ ఉన్న వైపు వీపు మీదికి వచ్చేలా తిప్పి, ముందు కాళ్ళు చేతుల్లోంచి తీసి, కింద వేలాడే బట్టను వీపు మీద దగ్గరికి లాగి జుట్టు బ్యాండుతో ముడి వేయండి. బ్యాండు బట్టకే ఉండాలి. కాలికో తోకకో వేస్తే రక్తం ఆడదు. మెడ దగ్గర, పొట్ట దగ్గర రెండు వేళ్ళు సులువుగా దూరాలి. గుండీలు, పూసలు, చమ్కీలు అంటించకండి, కొరికి మింగుతాయి. వాటి బదులు ఫెల్ట్ ముక్కలు కుట్టండి. మూతి మీద ఏదీ వద్దు. కుక్కలు మనలా ఒళ్ళంతా చెమట పట్టి చల్లబడవు, నోరు తెరిచి వగర్చడమే వాటి ఏసీ. పగ్, బుల్‌డాగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు బండానాతో ఆపేయడం మంచిది.

వేషం వేశాక కుక్క కదలకుండా నిలబడితే "ఎంత బుద్ధిగా నిల్చుందో" అని ఫోటోలు తీస్తాం. చాలాసార్లు అది బుద్ధి కాదు, భయం. చెవులు వెనక్కి వాల్చడం, తోక ముడవడం, తిండి లేకపోయినా పెదాలు నాకడం, మాటిమాటికీ ఆవులించడం, కళ్ళలో తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం: వీటిలో ఏది కనిపించినా విప్పేయండి. నాలుగైదు రోజుల ముందు నుంచే రోజుకు రెండు నిమిషాలు వేసి, ఏదైనా తినిపించి తీసేస్తుంటే అలవాటవుతుంది. కొన్నిటికి ఎప్పటికీ అవదు. వాటిని వదిలేయాలి.

పార్టీ కోసం పిల్లలు చేసేవాటిలో నన్ను భయపెట్టేది ఒకటుంది. మైదా, ఉప్పు కలిపిన పిండిలో కుక్క పాదం ముద్ర తీసి బొమ్మగా ఆరబెడతారు చూడండి, ఆ పిండి. రెండు కప్పుల మైదాకు కప్పు ఉప్పు పడుతుంది. కుక్క అది తింటే ఒంట్లో ఉప్పు పెరిగిపోయి వాంతులు, వణుకు, ఫిట్స్ దాకా వెళుతుంది, ప్రాణమే పోవచ్చు. ఆరిన బొమ్మ కూడా అంతే. ముద్ర కావాలంటే పిల్లలు వాడే, విషంలేని నీళ్ళ రంగు పాదానికి పూసి కాగితం మీద అద్ది, వెంటనే కడిగేయండి. అంతకన్నా సరదా ఆట కావాలంటే మఫిన్ పళ్ళెం గుంటల్లో బిస్కెట్ ముక్కలు వేసి, పైన టెన్నిస్ బంతులు పెట్టండి. బంతులు తోసి వెతుక్కుంటుంది.

కేకుకు గుడ్డు, పండిన అరటిపండు, కొద్దిగా ఓట్స్ పిండి, చెంచాడు పీనట్ బటర్ చాలు. పీనట్ బటర్ సీసా మీద జైలిటాల్ గానీ, బర్చ్ షుగర్ గానీ ఉంటే పక్కన పెట్టండి. రెండూ ఒకటే, కుక్కకు విషం. పైన క్రీముకు బదులు గుడ్డలో కట్టి నీళ్ళు ఓడ్చిన పెరుగు.

అసలు ప్రమాదం మన వంటల్లో ఉంది. పాయసంలో, లడ్డూలో కిస్‌మిస్ ఉంటుంది. అది కిడ్నీలను దెబ్బతీయవచ్చు. గారెల్లో, కూరల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. చాక్లెట్ సంగతి సరేసరి. ఇంటికొచ్చిన ఆంటీలు ప్రేమగా ఓ ముక్క పెట్టేస్తారు, ముందే చెప్పి ఉంచండి. ఏదైనా మింగిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెటర్నరీ డాక్టరుకో, ఏఎస్‌పీసీఏ విష నివారణ కేంద్రానికో (888-426-4435) ఫోన్ చేయండి. ఫీజు అడగవచ్చు.

హాలోవీన్ సాయంత్రం బెల్లు మోగినప్పుడల్లా తలుపు తెరుస్తాం. ముసుగులు చూసి బెదిరిన కుక్క సందులోంచి ఉరకడానికి క్షణం చాలు. వేషం కింద కాలర్, పేరు బిళ్ళ తప్పకుండా ఉంచండి. మైక్రోచిప్ ఉంటే దాని రిజిస్ట్రేషన్‌లో ఇప్పటి ఫోన్ నంబరే ఉందో లేదో ముందురోజే చూసుకోండి. మేము ఆరు గంటలకల్లా వేషం విప్పి చిట్టిని పడకగదిలో ఉంచి, ఫ్యాన్ వేసి, పాత తువ్వాల్లో నాలుగు బిస్కెట్లు చుట్టి ఇచ్చేస్తాం.